తొమ్మిదో తలుపుకి కరెంటు జబ్బు

మాఘ శుద్ధ దశమి

నా ఉద్యోగం పోయిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు. నేనే మానేశానంటున్నారు.

తప్పు పూర్తిగా వాళ్లది కాదు. ఇంతకుముందు రెండు మానేశాను. బడి పడవలో లెక్కల టీచరుగా మూడు నెలలు, విత్తనాల గిడ్డంగిలో ఎనిమిది నెలలు. రెండుసార్లూ అన్నాల దగ్గరే చెప్పాను. అందుకని నిన్న అన్నాల దగ్గర "నన్ను తీసేశారు" అనగానే, నాన్న కంచంలోంచి తల ఎత్తకుండా "మళ్లీ మానేశావన్నమాట" అన్నాడు.

"మానలేదు నాన్నా, తీసేశారు. కంట్రోల్ రూమ్ మొత్తాన్ని. పదకొండుమందిని."

"పదకొండుమందితోనూ గొడవ పెట్టుకున్నావేంటే?" అంది అమ్మ.

"దానికి కాలు నిలవదు. పుట్టినప్పుడే మంత్రసానితో అన్నాను" అంది నాన్నమ్మ.

కంపెనీ ఉత్తరం తెచ్చి చూపించాను. అది ఇంకా కొంప ముంచింది. 'మిమ్మల్ని కొత్త అవకాశాల వైపు విడుదల చేస్తున్నాం' అని ఉంది అందులో. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"తీసేశామని ఎక్కడుందమ్మా ఇందులో? నువ్వడిగితే వాళ్లు సరేనన్నట్టుంది."

ఇంటి గోల కంపెనీ డైరీలో ఎందుకు రాస్తున్నానంటే, రాయమన్నారు కాబట్టి. మా పని చందమామ మీదికి వెళ్లిపోతోంది. అక్కడి వాళ్లు తక్కువ జీతానికి చేస్తారట, పైగా సెలవు పెట్టినా వెళ్లడానికి వాళ్లకి చోటుండదట. పని అప్పగించే ఈ వారమంతా ఒక్కొక్కరం రోజుకో పేజీ రాయాలనీ, తెలిసినదేదీ దాచకూడదనీ మా మేనేజర్ అభినవ్ గారి ఆజ్ఞ.

దాచడం లేదు.

ఏకాదశి

పొద్దున్నే డాబా ఎక్కి సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. గోడ అవతల సముద్రం మా డాబా ఎత్తున కనిపిస్తుంది. కొత్తలంకకి మొదటిసారి వచ్చిన చుట్టాలు అది చూసి నిచ్చెన గట్టిగా పట్టుకుంటారు. మాకు అలవాటైపోయింది. గోడకి ఇరవైరెండు తలుపులు. పోటుకి దించుతాం, ఆటుకి ఎత్తుతాం. ఆ సందున మా వరి పండుతుంది, బాతులు తిరుగుతాయి, నాన్న వాలుకుర్చీలో కూర్చుని ప్రపంచాన్ని తిడతాడు.

నిన్నటి నుంచి తలుపుల మీటలన్నీ చంద్రుడి మీద ఒక గదిలో ఉన్నాయి. మేం పక్కన ఉండి చెప్పాలి. ఆఫీసులో కుర్చీలు అప్పుడే పట్టుకుపోయారు కాబట్టి డాబా మీద చాప వేసుకుని చెబుతున్నాను.

నా వంతుకి వచ్చిన అమ్మాయి పేరు వర్షిత. అక్కడే పుట్టింది. వాన పేరు పెట్టుకుని వాన చూడలేదు. చక్కగా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు మాట్లాడుతుంది. నేను అన్నమాట అక్కడికి చేరి, తను అన్నమాట ఇక్కడికి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. ఆ సందులో నేను మళ్లీ మాట్లాడేసి, ఇద్దరం ఢీకొని, ఇద్దరం "మీరు చెప్పండి" అని, మళ్లీ ఢీకొంటున్నాం.

వడియాలు ఎండబెట్టడానికి వచ్చిన నాన్నమ్మ తెరలోకి తొంగిచూసింది.

"ఏమ్మా, భోంచేశావా?"

రెండున్నర సెకన్లు. "చేశానండి నాన్నమ్మగారూ. మీరు చేశారా?"

నాన్నమ్మ ముఖం వెలిగిపోయింది. కిందికి దిగి అమ్మతో అంటోంది: "ఎంత నిదానమైన పిల్లే! అడిగినదాన్ని మనసులో వేసుకుని, ఆలోచించుకుని జవాబు చెప్తోంది. మనదీ ఉంది, ప్రశ్న పూర్తవకుండానే మీద పడిపోద్ది."

కాంతివేగానికి వచ్చిన మంచిపేరు నాకు రాలేదు.

ద్వాదశి

వర్షిత ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వస్తుంది. ఇరవైమూడు అడిగింది ఇవాళ. పోటు రోజుకి రెండుసార్లు ఎందుకొస్తుందో పాఠంలో చదివిందట.

"మా చంద్రుడు లాగడం వల్లేనట కదండీ. మీకింత ఇబ్బందని తెలియదు. క్షమించండి" అంది.

నవ్వాపుకోలేక చాప మీద పడ్డాను. నవ్వు అక్కడికి చేరాక తనూ నవ్వింది. నాది అయిపోయాక తనది మొదలైంది. మొత్తానికి డాబా మీద చాలాసేపు నవ్వే ఉంది.

మధ్యాహ్నం ఏసుబాబు గారు వచ్చారు. తొమ్మిదో తలుపు లస్కరు, ఒకప్పుడు దాన్ని చేత్తో ఎత్తి దించినాయన. ముప్ఫై ఏళ్లుగా ఆ తలుపు పక్క గదిలోనే కాపురం. మోటార్లు వచ్చాక ఆయన చేసే పనల్లా గట్టు మీద గడ్డి కోయడం, పాత చేతి చక్రానికి శనివారం శనివారం నూనె పెట్టడం. ఆయన్నీ విడుదల చేశారు.

"ఆ ఉత్తరం నాకు చదివి పెట్టమ్మా."

చదివాను.

"కొత్త అవకాశాలంటే ఏంటండి మరి? నా మోకాళ్లకి తెలిసిన అవకాశం మంచవొక్కటే."

త్రయోదశి

ఇవాళ నవ్వు లేదు. జరిగినది జరిగినట్టు రాస్తాను.

వర్షిత తెర మీదికి రాగానే "మీకొక శుభవార్త!" అంది. "మీ తొమ్మిదో తలుపు రోగం కుదిర్చేశాం."

"ఏం రోగం?"

"విద్యుత్ లోపం. పదకొండేళ్ల రికార్డు చూశాం. ప్రతి పున్నమికీ అమావాస్యకీ సాయంత్రం పూట దిగాల్సిన సమయానికి తొమ్మిదో తలుపు దిగడం లేదు. ఇరవై నిమిషాలు ఆలస్యం. ప్రతిసారీ కారణం విద్యుత్ లోపం అనే రాసి ఉంది. అందుకని దాని కరెంటు దారి మార్చేశాం. మధ్యలో ఆపే మీట కూడా తీసేశాం. ఇకమీదట గోడ మీది గీత దగ్గరికి నీరు రాగానే రెండు నిమిషాల్లో దిగిపోతుంది. మా గదిలో అందరూ చప్పట్లు కొట్టారండీ."

చేతిలోని కాఫీ కింద పెట్టాను.

తొమ్మిదో తలుపుకి కరెంటు జబ్బు ఎప్పుడూ లేదు. ఆపింది మేమే.

గుల్లలు ఏరే ఆడవాళ్లు ఆ తలుపులోంచే సముద్రంలోకి వెళ్లి వస్తారు. పున్నానికీ అమాసకీ ఆటు బాగా దిగువకి పోయి, దూరపు ఇసుక మేటలు తేలతాయి. గుల్లలన్నీ అక్కడే. కానీ ఆ రోజుల్లో తిరిగొచ్చే పాయ కూడా ఎండిపోతుంది. పోటు మొదలై పాయలోకి నీళ్లొస్తే గానీ నావలు కదలవు. నావలు కదిలేసరికి తలుపు దగ్గర నీరు గీతకి వచ్చేస్తుంది. అందుకని చివరి నావ లోపలికి వచ్చేదాకా తలుపు ఆపుతాం. ఇరవై నిమిషాలు. గట్టు కింద రెండు మళ్లలోకి కాస్త ఉప్పునీరు వస్తుంది, ఆ మళ్లవాళ్లకి పక్షానికో బుట్టెడు గుల్లలు వెళ్తాయి. ఇది ఏ కాగితంలోనూ లేదు. మా ముందువాళ్లు మాకు చెప్పారు, వాళ్లకి వాళ్ల ముందువాళ్లు.

తలుపు ఆపినప్పుడల్లా రికార్డులో కారణం ఎంచుకోవాలి. పట్టీలో నాలుగుంటాయి. మొదటిది విద్యుత్ లోపం. నాలుగోది ఇతర కారణాలు. నాలుగోది నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. రెండు వందల అక్షరాలకు తగ్గకుండా వివరణ రాయాలి, ఇక్కడి సిబ్బందిలో ఇంకొకరు వేలిముద్ర వేయాలి. అంత ఓపిక ఎవరికుంది? మొదటిది నొక్కి టీ తాగడానికి వెళ్లేవాళ్లం. నా రెండేళ్లలో నా పేరు మీద నలభై ఆరు విద్యుత్ లోపాలున్నాయి. ఇవాళ కూర్చుని లెక్కపెట్టాను.

వాళ్లు మేం రాసింది నమ్మారు. అంతే వాళ్లు చేసిన తప్పు.

ఇదంతా వర్షితకి చెప్పాను. తను రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేసింది.

"వెనక్కి మార్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి. పదిహేను రోజులు పడుతుంది" అంది. "పున్నమి ఎల్లుండే కదా అక్కా?"

మొదటిసారి అక్కా అంది.

చతుర్దశి

అభినవ్ గారికి ఫోన్ చేశాను.

"అధికారికంగా అది విద్యుత్ లోపమే కదా సత్యవేణీ?"

"కాదు సార్. మేం అబద్ధం రాశాం."

"అలా అనకు. రికార్డ్ అవుతుంది. ఫిర్యాదు పెట్టు, వరుసలో చూస్తారు. అన్నట్టు, రేపు సాయంత్రం అయిదు లోపు విడుదల పత్రం మీద వేలిముద్ర వేసెయ్. మిగతావాళ్లు పదిమందీ వేసేశారు. వేయగానే సిస్టంలోకి నీ ప్రవేశం ఆగిపోతుంది, నువ్వు హాయిగా ఫ్రీ."

అక్కడినుంచి మంగాదేవి పిన్ని దగ్గరికి పరిగెత్తాను. అమ్మ చెల్లెలు. గుల్లలు ఏరే పందొమ్మిదిమందికీ ఆవిడే నాయకురాలు. వల కుడుతోంది.

"పిన్నీ, రేపు వెళ్లకండి. తలుపు మీ కోసం ఆగదు."

"పున్నానికి ఎల్లకపోతే మరి ఇంకెప్పుడెల్తావే? ఏకాదశికా?"

"కంట్రోల్ మా చేతిలో లేదు."

"ఆ తలుపు మా అమ్మనొదిలి మూసుకోలేదు, నన్నొదిలి మూసుకోలేదు. నువ్వు ఉజ్జోగం మానేసినంత మాత్రాన అది మానేత్తదా?"

"మానలేదు పిన్నీ! తీసేశారు!"

"సరేలేవే, అరవకు. సూది గుచ్చుకుంటది."

తలుపు మూసుకుపోతే ఏమవుతుందో పిన్నికి తెలుసు. అందరికీ తెలుసు. గోడకి అవతలి పక్కంతా నల్లరాళ్లు. పున్నమి పోటులో ఆ రాళ్ల దగ్గర చిన్న నావ నిలవదు. మోటార్లు రాకముందు ఒక అమాసనాడు అలా ఇద్దరు పోయారు. వాళ్లలో ఒకావిడ ఏసుబాబు గారి అక్క. ఆయన పెళ్లయిన మర్నాడే తలుపు పక్క గదికి మారింది అందుకే.

సాయంత్రం ఆయన దగ్గర కూర్చున్నాను. చేతి చక్రంతో ఆపొచ్చా అని అడిగాను.

"మోటారు నడుత్తుంటే చక్రం పట్టదమ్మా. మోటారు ఆగితేనే."

అప్పుడు గుర్తొచ్చింది, వర్షిత వాళ్లు మొదటి కారణంతో ఆపే మీట తీసేశారు గానీ, తలుపు దిగుతుండగా మాత్రమే తెరుచుకుని మోటారుని ఆపే నాలుగో కారణాన్ని పట్టీలోంచి ఎవరూ తీయలేదు. పదకొండేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అదొకటుందని కూడా ఎవరికీ గుర్తులేదు. దానికి కావలసింది రెండు వందల అక్షరాలు, ఇక్కడి సిబ్బంది వేలిముద్ర ఒకటి.

కోనసీమ మొత్తం మీద ఇంకా పనిచేస్తున్న వేలు నాదొక్కటే.

పున్నమి

నాలుగు గంటలకి అభినవ్ గారు. నాలుగున్నరకి అభినవ్ గారు. అయిదుకి నాన్న.

"వెళ్లి మర్యాదగా వేలిముద్ర వేసిరా. మానేసినదానివి మానేసినట్టుండాలి."

"వేలు కోసుకుంది నాన్నా" అని చెప్పి తొమ్మిదో తలుపు దగ్గరికి వెళ్లాను. డైరీలో దాచకూడదు కాబట్టి రాస్తున్నాను: వేలు బాగానే ఉంది.

అయిదున్నరకి అభినవ్ గారు మళ్లీ. "ఏడింటికి నేనే మూసేస్తాను నీ ప్రవేశం" అన్నారు. ఏడు చాలు నాకు.

ఏసుబాబు గారు గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను ఒళ్లో తెర పెట్టుకుని కూర్చున్నాను. అటువైపు వర్షిత.

"మీకు చంద్రుడు కనిపిస్తున్నాడా అక్కా?"

అప్పుడే సముద్రంలోంచి లేస్తున్నాడు, గుమ్మడిపండంత. "కనిపిస్తున్నాడు. నీకు భూమి?"

"కనిపించదు. మీకు పున్నమైన రోజు మాకు భూమి అంతా నల్లగా ఉంటుంది. ఇక్కడ పట్టపగలు. మిమ్మల్ని అంకెల్లోనే చూస్తున్నాను. నీరు గీతకి జానెడు కింద ఉంది."

ఆరూ అయిదుకి పాయ మలుపులో మొదటి నావ కనిపించింది. తర్వాత రెండోది. రెండూ లోపలికొచ్చాయి. ఆ తర్వాత ఏమీ లేదు. వెళ్లినవి ఏడు.

ఆరూ తొమ్మిదికి గంట మోగింది. తలుపు దిగడం మొదలైంది.

"నొక్కు!" అన్నాను. చంద్రుడి దాకా వినిపించేలా అరిచానట, ఏసుబాబు గారు చెవి మూసుకున్నారు.

వర్షిత నాలుగోది నొక్కింది. పెట్టె తెరుచుకుంది.

"ఏం రాయను?"

"నిజం రాయి."

తను రాస్తున్నది నా తెర మీదికి అక్షరం అక్షరం వస్తోంది. 'గుల్లలు ఏరే వారి నావలు ఇంకా లోపలికి రాలేదు. పాయలో నీరు ఆలస్యంగా వచ్చింది. వారు వచ్చేవరకు తలుపు ఆపవలెను.' మీట నొక్కింది. పెట్టె ఒప్పుకోలేదు. ఇంకా తొంభై ఏడు అక్షరాలు తక్కువట.

"తక్కువైంది అక్కా! ఇంకేం రాయాలి?"

తలుపు నా భుజం ఎత్తుకి దిగింది. బుర్రలో ఒక్క వాక్యం లేదు. రెండేళ్లు ఉద్యోగం చేసి ఒక్క కారణం రాయనిదాన్ని.

"పేర్లు రాయమ్మా" అన్నారు ఏసుబాబు గారు, తలుపు మీంచి చూపు తిప్పకుండా. "ఎవరికోసం ఆపుతున్నారో ఆళ్ల పేర్లు రాయండి."

చెప్పడం మొదలుపెట్టాను. మంగాదేవి. వీరవేణి. పెద్దింట్లు. సత్తెమ్మ. రూతమ్మ. నూకాలమ్మ. ఇంకో సత్తెమ్మ. నేను నాలుగో పేరు చెప్పేసరికి తను మొదటిది రాస్తోంది. ఆగకుండా చెబుతూ పోయాను, తను ఆగకుండా రాస్తూ వచ్చింది. ఈసారి ఒక్కసారి కూడా ఢీకొనలేదు. పందొమ్మిదో పేరు నేను చెప్పేసరికి, తను అన్నీ రాయకముందే పెట్టె పచ్చబడింది. బొటనవేలు అద్దాను.

తలుపు నడుమెత్తున ఆగింది. మోటారు నోరు మూసుకుంది. ఏసుబాబు గారు మోకాళ్ల సంగతి మరిచిపోయి గదిలోకి పరిగెత్తి, చక్రం పట్టుకున్నారు. రెండో పక్క నేను పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ల శనివారాల నూనె! వెన్నలా తిరిగి తలుపుని కాస్త పైకి లేపింది.

మూడు. నాలుగు. అయిదోది, ఆరోది ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఏడోది పిన్నిది. ఎప్పుడూ అందరి వెనకా వస్తుంది. ఆరూ ముప్ఫై ఒకటికి లోపలికి దూరింది, తల పూర్తిగా వంచుకుని.

"ఏంటే ఇది? తలుపు ఇంత కిందకి దించారు! కొప్పుకి తగిలింది!"

చక్రం వెనక్కి తిప్పి తలుపు మూశాక గట్టు మీద కూర్చుండిపోయాను. తెరలో వర్షిత ఇంకా అడుగుతోంది. "అక్కా? ఎన్ని వచ్చాయి? అక్కా, ఎన్ని?"

"ఏడు" అన్నాను.

రెండున్నర సెకన్ల తర్వాత చంద్రుడి మీద ఎవరో గట్టిగా ఏడ్చారు. మంచి ఏడుపే.

పాడ్యమి

ఉదయం మూడు సంగతులు జరిగాయి.

మొదట అభినవ్ గారు ఫోన్ చేశారు. కోపంగా మొదలుపెట్టి, మధ్యలో ఎవరో ఏదో అందించినట్టు గొంతు మార్చారు. నాలాంటి వాళ్లు కావాలట. ఇరవైరెండు తలుపుల గురించి ఇలాంటి 'రాయని విషయాలు' అన్నీ రాసి ఇచ్చే ఉద్యోగం ఇస్తారట. హోదా పేరు చాలా పొడుగ్గా ఉంది. ఇంట్లో పండగే. అమ్మ సేమ్యా చేసింది. "చూశావా, మానేసినా పిలిచారు. ఎంత మంచి కంపెనీ!" అన్నాడు నాన్న.

తర్వాత వర్షిత. నిన్నటిదానికి తన మీద విచారణ ఉంటుందేమోనని భయపడ్డాను. లేదట. దానికంత సమయం లేదట. వాళ్ల గదిని కూడా ఉగాదికల్లా విడుదల చేస్తున్నారు. పని అంగారకుడి చుట్టూ తిరిగే ఒక స్టేషనుకి వెళ్తోంది. అక్కడ ఇంకా తక్కువకి చేస్తారట.

"అక్కడినుంచి మాట రావడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను.

"ఒక్కోసారి ఇరవై నిమిషాలు."

తలుపు రెండు నిమిషాల్లో దిగుతుంది. ఆగు అనే మాట ఇరవై నిమిషాలకి వస్తుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఒకరి తర్వాత ఒకరికి.

"మమ్మల్ని కూడా డైరీ రాయమన్నారు అక్కా. మొదటి పేజీలో ఆ పందొమ్మిది పేర్లూ రాశాను."

మూడోది, చేపల షెడ్డులో ఊరి సంఘం సమావేశం. గోడ కంపెనీది కాదు, ఊళ్ల సంఘాలది. కంపెనీది నడిపే ఒప్పందం మాత్రమే. పిన్ని లేచి, కొప్పు కింది బొప్పి అందరికీ చూపించి మాట్లాడింది. తొమ్మిదో తలుపు మోటారు విప్పించి, చక్రం మీద నడుపుకుంటామని తీర్మానం. తలుపు పక్క గదిలో కాపురముండే లస్కరు కావాలి. ఏసుబాబు గారు నేర్పుతారు గానీ తిప్పలేరు.

"ఇంజనీరింగు చదివి చక్రం తిప్పుతావా?" అన్నాడు నాన్న.

"కాలు నిలవదన్నాను కదా" అంది నాన్నమ్మ. "ఆ చందమామ పిల్లయితే ఆలోచించుకుని చెప్పేది."

ఆలోచించాను. అభినవ్ గారడిగిన రాయని విషయాలు ఇంకెన్ని ఉన్నాయో నాకే తెలియదు. అవి గట్టు మీద ఉన్నవాళ్లకి తెలుస్తాయి. నేను రాసి ఇస్తే ఉగాది తర్వాత అంగారకుడి దగ్గర ఎవరో నమ్ముతారు, పాపం. ఈ డైరీ మాత్రం ఒక నకలు వర్షితకి పంపాను.

కంపెనీ పిలిచిన ఉద్యోగానికి వెళ్లడం లేదు. విడుదల పత్రం మీద పదకొండింటికి వేలిముద్ర వేశాను. విదియ నుంచి తొమ్మిదో తలుపు లస్కరుని నేను. రికార్డు పుస్తకం కొత్తది కొన్నాను, దాంట్లో పట్టీ లేదు. సామాను సాయంత్రం పిన్ని నావలో వెళ్తుంది.

నాన్నకి చెప్పాను. ఈసారి మానేసింది నేనే.